సంచిలో వేయని జాకెట్

మా నర్సింహ వేటకు తయారవుతుంటే పెళ్లికొడుకులు సిగ్గుపడాలి. శుక్రవారం సాయంత్రమే ప్యాంటూ చొక్కా పెరట్లో తీగ మీద వేసి, బట్టలకు కొట్టే పురుగుల మందు స్ప్రే చేసి ఆరబెట్టేవాడు. మర్నాడు ప్యాంటు అంచుల్ని పొడుగాటి తెల్ల మేజోళ్లలోకి దోపి, మెడకీ మణికట్లకీ ఇంకో మందు పూసుకుని గానీ కారెక్కేవాడు కాదు. ఇంతా చేసి భయం దేనికి? పులికా? న్యూజీలాండ్‌లో పులి లేదు, పాము కూడా లేదు. పిడుదుకి! గడ్డి కొసన కాచుకుని, వచ్చే పోయే ఒంటిని పట్టుకుని రక్తం తాగే ఆ పురుగుని వాళ్ల సిద్దిపేట వైపు గోమారు అంటారు.

నర్సింహ ఇక్కడికి చదువుకోవడానికొచ్చి, శాండ్రింగ్‌హామ్‌లో ఒక కొట్టులో మాంసం కొడుతూ చదువు పూర్తి చేసి, ఇప్పుడు సిటీ బస్సు నడుపుతున్నాడు. న్యూ లిన్‌లో కాపురం. భార్య హారిక, రెండేళ్ల కూతురు హిమజ. నేనా? యూనివర్సిటీ నన్ను ఒకటిన్నర సెమిస్టర్ కంటే ఎక్కువ భరించలేకపోయింది. అక్కడ పోగొట్టుకున్న పేరు నర్సింహ వెంట కొండలెక్కి సంపాదించాను. ఒక్క గుండుకి రెండు మేకల్ని పడగొడితే, ఆ చప్పుడుకి గుండె ఆగి మూడోది దానంతటదే దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరికొచ్చింది. నర్సింహనడిగితే నాకు తుపాకి లైసెన్సే లేదంటాడు. అది వేరే సంగతి.

వారమంతా బస్సులో అందరికీ థ్యాంక్యూలు చెప్పే మనిషి, కొండ మీద నోరు మూసుకుని హాయిగా ఉండేవాడు. అడవి మేకని కొట్టి తెచ్చాక పెరట్లో టార్పాలిన్ పరిచి, వాళ్ల ఊరి పద్ధతిలో పోగులు పెట్టేవాడు. ప్రతి పోగులో కాస్త కార్జం, కాస్త బొక్క, కాస్త మెత్తన. చుట్టుపక్కల ఏడు తెలుగిళ్లు గిన్నెలతో వచ్చి తలా ఒకటి తీసుకెళ్లేవి. ఆ ఒక్క పూట వాడు ఊరి పెద్దలా నిలబడేవాడు.

హిమజ పుట్టినప్పుడు హారిక ఒకటే షరతు పెట్టింది. "వేటకు పో, నేనొద్దన. గని ఒక్క గోమారు ఇంట్లకొచ్చినా తుపాకి అమ్మాలె. పిల్ల మీద ఒట్టు." నర్సింహ ఒట్టేశాడు. అందుకే ఆ మేజోళ్లు, ఆ మందులు. దిగొచ్చాక కారెక్కే ముందు చంకలు, మోకాళ్ల వెనక, నడుము పట్టీ అన్నీ తడుముకుని, బట్టలు మార్చి, విడిచినవి నల్ల సంచిలో మూతి కట్టేవాడు. ఇంటికి రాగానే డ్రయ్యర్‌లో వేడివేడిగా తిప్పేవాడు.

"ఒరేయ్, మా భీమవరంలో పిడుదు నన్ను కుడితే, నా రక్తం తాగి అదే మత్తెక్కి మూడు రోజులు పడుకుందిరా" అనేవాణ్ణి.

"పండుకోదా అన్నా మరి! నీ రక్తంల ఉన్నది బీరే గదా" అనేవాడు. "మా బాపు గొర్లు కాసెటోడు. చిన్నప్పుడు రోజుకు వంద గోమార్లు పీకిన. నాకు ఎరుకే దాని సంగతి."

పోయిన నవంబర్లో, వైకటో అవతల కొండల్లో ఒక పెద్ద మేకపోతు దొరికింది. కారు దగ్గర నర్సింహ సంచి తెరిచి పట్టుకున్నాడు. "మహేందరన్నా, జాకెట్ ఇడిసి ఈ సంచిల వెయ్."

అది కొత్త జాకెట్. ఆకుల బొమ్మలది. దాంతో అరవై ఫొటోలు దిగాను. "చెత్త సంచిలో వెయ్యడానికి కొన్నానట్రా? దీన్ని చూస్తే పిడుదులే దండం పెడతాయి."

"అన్నా, జర ఇను."

"సరే, వేస్తాన్లేరా, నువ్వెళ్లి మాంసం సర్దు."

వాడు అటు తిరగ్గానే జాకెట్ విడిచి వెనక సీట్లోకి విసిరాను. అక్కడున్నది హిమజ కూర్చునే కుర్చీ. చూశాను. చూసి కూడా తియ్యలేదు.

మూడో రోజు హారికకి హిమజ చెవి వెనక పెసరగింజంత నల్లటిది కనిపించింది. నర్సింహ బస్సులో ఉన్నాడు, ఫోనెత్తలేడు. వాళ్లమ్మమ్మ బర్రెలకి చేసినట్టే హారిక నువ్వుల నూనె రాసి గోళ్లతో గిల్లి లాగింది. ఒళ్లు వచ్చింది, మూతి లోపలే ఉండిపోయింది. సన్నటి పట్టకారు తోలుకి ఆనించి నిదానంగా, తిన్నగా పైకి లాగాలని నర్సింహకి తెలుసు. ఆ పట్టకారు వేట సంచిలో ఉంది. రెండు రోజుల్లో చెవి ఎర్రగా వాచింది, జ్వరమొచ్చింది. ఆసుపత్రిలో పిల్ల చిన్న చేతికి సూది గుచ్చి మందెక్కించారు. ఇక్కడి పిడుదులతో పెద్ద జబ్బులు రావు గానీ గాయం చెడిందని డాక్టరమ్మ చెప్పింది.

"ఎట్లొచ్చింది?" అని హారిక అడిగింది. నేను అక్కడే ఉన్నాను, బిస్కెట్ ప్యాకెట్ పట్టుకుని.

"నా అంగిల ఉండొచ్చు. నేనే సక్కగ చూస్కోలే" అన్నాడు నర్సింహ.

నేను మూయలేని నోరు ఆ రోజు తెరుచుకోలేదు. బయటికొచ్చాక వాడే అన్నాడు. "నీ జాకెట్ పిల్ల కుర్చీల దొరికింది. నీ పేరు చెప్తే హారిక నిన్ను ఇంట్లకు రానియ్యదన్నా. ఈడ నీకెవరున్నరు?"

హిమజ నాలుగు రోజుల్లో కోలుకుంది. నర్సింహ తుపాకి అమ్మేశాడు. ఏడిళ్ల వాళ్లూ కొన్నాళ్లు అడిగి మానేశారు. ఇప్పుడు శనివారాలు కూడా బస్సే నడుపుతున్నాడు.

మొన్న ఆదివారం ఇక తట్టుకోలేక, నర్సింహ వంటింట్లో ఉండగా హారికతో చెప్పేశాను. జాకెట్టు, కుర్చీ, సంచి, అన్నీ. ఈసారి ఒక్క మాట కూడా కల్పించలేదు.

హారిక విని విని నవ్వేసింది. "దోస్తు కోసం మస్తు అల్లుతవన్నా! మూడో మేక కత లెక్కనే ఉన్నది. అయినా తుపాకి మల్ల కొననియ్య."

"హిమజ మీద ఒట్టమ్మా, నిజం."

ఆమె నవ్వు ఆగిపోయింది. "కతలకు నా బిడ్డ మీద ఒట్లెయ్యకు."

వంటింట్లోకి చూశాను. నర్సింహ అంతా విన్నాడు. కొట్టులో కొన్న కోడిని కడుగుతూ, వద్దన్నట్టు తలూపి, నల్లా ఇంకాస్త పెద్దగా తిప్పాడు.