దర్జీ సూరయ్య గిటారు

1958లో రాయగడ స్టేషన్ రోడ్డులో నాకు హార్మోనియం రిపేరు దుకాణం ఉండేది. భజన మందిరాల హార్మోనియాలు, నాటకాల వాళ్ళ తబలాలు, ఎప్పుడైనా ఒక ఫిడేలు వచ్చేవి. గిటారు మాత్రం నాకు తెలిసి ఊళ్ళో ఒక్కటే, దర్జీ సూరయ్యది. రైల్వే గార్డు ఒకాయన బదిలీ మీద వెళ్ళిపోతూ అతనికి ఇచ్చాడట. సూరయ్య పగలంతా మిషను తొక్కి, సాయంత్రం అరుగు మీద కూర్చుని రేడియోలో విన్న పాటలు ముక్కముక్కగా వెతుక్కుంటూ వాయించేవాడు. నేర్పేవాళ్ళు ఎవరూ లేరు. తప్పు పలికితే తనే నవ్వుకుని మళ్ళీ మొదలుపెట్టేవాడు.

ఆ ఏడు వానల్లో, గుణుపురం దగ్గరి తన ఊరికి వెళ్తుంటే ఎడ్లబండి బోల్తాపడి అతని ఎడమచెయ్యి నలిగింది. ఎముకలు అతుక్కున్నాయి గానీ మధ్యవేలు, ఉంగరంవేలు ఇక వంగలేదు. కుట్టుపనికి ఎలాగో అలవాటు పడ్డాడు. గిటారు మూలన పడింది.

చలి మొదలయ్యాక ఒక ఉదయం అతని భార్య గౌరమ్మ గిటారు చంకన పెట్టుకుని వచ్చింది. సూరయ్య మెట్టెక్కకుండా బయటే నిలబడ్డాడు.

"దీన్ని ఎవులికైనా ఇచ్చీమంటన్నాడు బాబూ," అందామె. "ఇప్పటికే ఇంట్లో నోరిప్పడం నేదు. ఇది కూడా పోతే ఈ మనిషింక మాటాడడు. నువ్వే ఏటైనా సెయ్యాల."

"ఆయనేటి సేత్తాడే? గిటారు బాగానే ఉంది. సెయ్యే బాగునేదు," అన్నాడు సూరయ్య.

అతను చెప్పింది నిజమే. అయినా తీగలు తిరగేసి కట్టి ఇచ్చాను, కుడిచేత్తో నొక్కి ఎడమచేత్తో మీటుకోమని. కొన్నాళ్ళు కుస్తీపట్టి వెనక్కి తెచ్చాడు. "పరాయోడి సేతుల్తో వాయిస్తన్నట్టుంది బాబూ. నావొల్ల కాదు, ఒగ్గీ," అన్నాడు.

అప్పుడు నాకు కలకత్తాలో పని నేర్చుకున్న రోజుల్లో చూసిన హవాయిన్ గిటారు గుర్తొచ్చింది. దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని వాయిస్తారు. తీగల్ని వేళ్ళతో నొక్కరు. స్టీల్ బార్ అనే నున్నటి కడ్డీని వాటి మీద జారుస్తారు. ఆ కడ్డీ పట్టుకోవడానికి బొటనవేలు, చూపుడువేలు ఉంటే చాలు. అవి రెండూ సూరయ్యకు బాగానే ఉన్నాయి.

తీగల్ని మళ్ళీ మామూలుగా కట్టాను. గిటారు మెడ చివర తీగలు ఆనుకునే పట్టీని నట్ అంటారు. దాని చోట ఎత్తైన ఇత్తడి పట్టీ బిగించాను. దాంతో తీగలు ఫ్రెట్లకు, అంటే మెడకు అడ్డంగా ఉండే లోహపు మెట్లకు, తగలకుండా పైకి లేచాయి. కడ్డీ అడ్డంగా ఆనించినా అన్నీ కలిసి పలికేలా కొన్ని తీగల శ్రుతి దించాను. లేతు మిషను దగ్గర కడ్డీ కోయించి, గరుకు పోయేదాకా రుద్దాను.

సూరయ్యను పిలిపిస్తే గౌరమ్మా వెంట వచ్చింది. అతన్ని కూర్చోబెట్టి, గిటారు ఒళ్ళో పెట్టి, కడ్డీ చేతికిచ్చాను. గట్టిగా అదిమాడు. రేకు మీద గరిట గీసినట్టు చప్పుడైంది. కడ్డీ కింద పెట్టి లేవబోయాడు.

"కూకో. ఇస్త్రీపెట్టి కాదది," అన్నాను. "పట్టుబట్ట తడిమి సూసినట్టు ఊరికే ఆనించు."

ఈసారి మెల్లగా ఆనించి, మీటి, కడ్డీ జార్చాడు. స్వరం కిందినుంచి పైకి జారుతూ వెళ్ళింది. అతని చెయ్యి ఆగిపోయింది.

"ఇది పాడతంది బాబూ," అన్నాడు.

రేడియో పాట ఏదో వాయిస్తాడనుకున్నాను. ఇంకేదో వెతకడం మొదలుపెట్టాడు. చాలాసేపు తడుముకున్నాడు. ఉన్నట్టుండి గౌరమ్మ, "మీయమ్మ వరి ఉడుపులప్పుడు పాడీదే!" అంది.

"అదే. ఎన్నేళ్ళు ఎతికినా దీనిమీద వొచ్చీది కాదు," అన్నాడు సూరయ్య. "మాయమ్మ గొంతు మెట్టుకీ మెట్టుకీ మద్దిన తిరిగీది. నా సేతేళ్ళు అక్కడికి ఎల్లీవి కావు." కడ్డీని ఇంకోసారి జార్చి, "ఇప్పుడెల్లేయి," అన్నాడు.

గౌరమ్మ తలుపు పట్టుకుని సన్నగా పాట అందుకుంది. సూరయ్య చాలాచోట్ల తప్పాడు. ఆమె ఆగి, అతను దొరకబుచ్చుకున్నాక మళ్ళీ సాగించేది. నేను చేతిలో పని కింద పెట్టి విన్నాను.

అంతవరకు ఎవరేది తెచ్చినా నా చూపు ముందు వాయిద్యం మీదికే పోయేది. పగులెక్కడ, తెగిందేది అని చూసేవాణ్ణి. ఆ తర్వాత స్క్రూడ్రైవర్ తీసే ముందు మనిషిని కూర్చోబెట్టి, "దీనిమీద ఏ పాట వినాలనుంది నీకు?" అని అడగడం మొదలుపెట్టాను. కొందరు తెల్లబోయేవారు, కొందరు నవ్వేవారు. చాలామంది మాత్రం సిగ్గుపడుతూ ఆ పాట పాడి వినిపించేవారు.