రూల్ నంబర్ నాలుగు బై ముప్పై ఏడు

అత్వెల్లి సత్తయ్యకు బీపీ లేదు, షుగర్ లేదు, ఈ వయసులో మోకాళ్ళ నొప్పులు కూడా లేవు. ఉన్నదల్లా ఒకటే రోగం, రూల్. నోరు తెరిస్తే రూల్ చెబుతాడు, చెప్పిన రూలుకు నంబర్ చెబుతాడు. ఎదుటివాడు ఏదైనా చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి "నంబర్ ఎంత?" అంటాడు. గృహప్రవేశంలో పాలు తూర్పుకే పొంగాలన్న అయ్యగారిని కూడా నంబర్ అడిగాడు. పాపం ఆ అయ్యగారు కంగుతిని, దక్షిణ కూడా మరిచిపోయి వెళ్ళిపోయాడు.

అత్వెల్లి పంచాయతీగా ఉన్న రోజుల్లో ఆయన బిల్ కలెక్టర్. ఊళ్ళో ప్రతి గడపా ఎక్కి ఇంటి పన్ను, నల్లా పన్ను వసూలు చేసినవాడు. రూల్ ఊరివాళ్ళకే గానీ తనకు కాదనుకునే రకం కాదు. ఒకసారి మేడ్చల్ నుంచి వస్తూ బస్సులో నిలబడ్డవాళ్ళను లెక్కపెట్టాడు. తలుపు మీద రాసినదానికంటే ఒకరు ఎక్కువ తేలారు. ఆఖరున ఎక్కింది తనే కాబట్టి ఆ ఎక్కువ మనిషి తనే. "ఏం గాదు పెద్దాయనా, ఉండు!" అని కండక్టర్ మొత్తుకుంటున్నా దిగిపోయి, మండుటెండలో ఇంటిదాకా నడిచాడు. అలాంటి మనిషి రూల్ విషయంలో అబద్ధమాడతాడని ఎవరైనా అనుకుంటారా? లక్ష్మణ్ అయితే అస్సలు అనుకోలేదు.

లక్ష్మణ్ ఆయనకు అన్న కొడుకు. మడత నలగని తెల్ల చొక్కా, ప్లాట్ల వ్యాపారం, వచ్చే ఎన్నికల్లో వార్డుకు నిలబడాలన్న ఆశ. గేటు మీద ఇత్తడి పలకలో 'లక్ష్మణ్, 5-12' అని మెరుస్తూ ఉంటుంది. పలక మెరుస్తున్నది గానీ ప్లాట్లు కొనే నాథుడే లేడు. ఇల్లు నడుస్తున్నది ఆయన భార్య బాలమణి చేసే సకినాలు, గరిజెలు, మామిడికాయ తొక్కు మీద. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. లక్ష్మణ్ మాత్రం ఎవరైనా అడిగితే "మా ఇంటామెకు టైంపాస్" అంటాడు.

ఇలా ఉండగా కొంపల్లిలో ఒక మిఠాయి దుకాణం వాళ్ళు బాలమణి సకినాలు తిన్నారు. నెలనెలా మేమే తీసుకుంటాం, కానీ ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, ఆ నంబర్ పాకెట్ మీద ఉండాలి, లేకపోతే మా దుకాణంలో పెట్టలేం అన్నారు. బాలమణి ముఖం వెలిగి ఆరిపోయింది.

"ఇంట్ల చేసుకునే సకినాలకు నంబరేందే?" అని లక్ష్మణ్ విసుక్కున్నాడు. "గిదంత మనతోని అయితదా? ఆఫీసోళ్ళు వచ్చి చూస్తరట. వాళ్ళు కాదన్నరనుకో, ఊర్ల ఇజ్జత్ పోతది. ఒక్కసారి అడుగుదాం, రాకుంటే ఇగ బంద్ వెట్టాలె."

భార్య నర్సమ్మ పోయాక గోడ అవతల ఒంటరిగా వండుకు తినే సత్తయ్య చెవిన నంబర్ అన్న మాట పడింది. చేతిలో గరిటెతోనే వచ్చాడు. లక్ష్మణ్ కూతురు, తనకు మనవరాలైన అశ్రిత ఫోను ముందేసుకుని, అద్దాలు ముక్కు మీదికి జార్చి, ఆ పూటంతా రూల్సన్నీ చదివించుకున్నాడు. అశ్రితే దరఖాస్తు పంపింది. తెల్లవారేసరికి వంటిల్లు సత్తయ్య చేతుల్లోకి వెళ్ళిపోయింది.

"గోర్లు సూపియ్యి బిడ్డా."

"మామా, నిన్ననే తీసిన!"

"మళ్ళ తియ్యి. టోపీ ఏది? జలుబున్ననాడు పొయ్యి కాడికి రావద్దు. చెత్తబుట్టకు మూత. నీళ్ళకు పరీక్ష. పాకెట్ మీద ఏమేం ఏసినవో రాయాలె, బరువు రాయాలె, ఏనాడు చేసినవో రాయాలె, ఎన్నొద్దులుంటదో రాయాలె. శాకాహారమని పచ్చచుక్క వెట్టాలె."

ఇవన్నీ నిజం రూల్సే. కానీ సత్తయ్య అక్కడ ఆగితే ఆయన సత్తయ్య ఎందుకవుతాడు? తేదీ చీటీలు ఇల్లంతా అంటించాడు. ఫ్రిజ్‌లో నిన్నటి పచ్చిపులుసుకు చీటీ, దేవుడి దగ్గరి కొబ్బరి చిప్పకు చీటీ. సోఫాలో గురకపెడుతున్న లక్ష్మణ్ నుదుటికి కూడా తయారీ తేదీ అంటించి, గడువు తేదీ ఖాళీ వదిలాడని అశ్రిత చెబుతుంది. అశ్రిత మాట సగమే నమ్మాలనుకోండి.

అసలు గండం ఆ తర్వాత మొదలైంది. ఒకనాడు లక్ష్మణ్ పళ్ళెం ముందు కూర్చోగానే సత్తయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. వండే మనిషి ముందుగాల తినాలె. రూల్."

"ఏందీ?"

"ఆకలిమీదున్న చెయ్యికి ఉప్పు అంతు దొరకదు. నంబర్ రెండు బై తొమ్మిది."

బాలమణి సిగ్గుపడుతూ, నిలబడే నాలుగు ముద్దలు మింగబోయింది. కూర్చుని తినాలని కూడా అదే రూల్లో ఉందట. లక్ష్మణ్ ఖాళీ పళ్ళెం ముందు నకనకలాడుతూ భార్య తినడం చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె తింటుంటే తను చూడటం అదే మొదలని అప్పుడు తట్టింది. తట్టినా ఆకలి ఆకలే కదా, ఆ ఆలోచన ఎంతోసేపు నిలవలేదు.

మర్నాడు ఇంకొకటి. మధ్యాహ్నం పొయ్యికి సెలవు, వండే మనిషి నడుం వాల్చాలి, ఒకటి బై నలభై. ఆ తర్వాతది పిడుగే.

"వండిన చెయ్యి గిన్నెలు కడగొద్దు. వేరే మనిషి కడగాలె. నాలుగు బై ముప్పై ఏడు."

"వేరే మనిషంటే ఎవలు కాకా?"

సత్తయ్య ఇంటి నలుమూలలా తేరిపార చూశాడు. అశ్రిత కాలేజీకి పోయింది. "నువ్వే కనవడుతున్నవ్ మరి," అన్నాడు.

"నేనా! నేను కడాయిలు తోముడేంది కాకా? రేపు వార్డుల ఓట్లెట్ల అడగాలె?"

"రిజిస్ట్రేషన్ రాకుంటె గప్పుడెట్ల అడుగుతవో సూడు."

లక్ష్మణ్ తెల్ల చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచాడు. సకినాలు కాల్చిన కడాయి ఎప్పుడైనా తోమారా మీరు? అది ఒక ప్లాటంత ఉంటుంది, రుద్దిన కొద్దీ పెరుగుతుంది. ఫోన్ వస్తే భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, "ఆ అన్నా, సైట్ మీదున్న" అనేవాడు. కానీ కడాయి తోముతున్నంతసేపూ ఆ నంబర్ బుర్రలో ఈగలా తిరిగేది. నాలుగు బై ముప్పై ఏడు. ఎక్కడో విన్నాడు. ఎక్కడా?

చివరగా పాకెట్ మీద పేరు దగ్గర పెద్ద పంచాయితే అయింది. 'లక్ష్మణ్ ఫుడ్స్' అని, కింద తన ఫొటో ఉంటే ఎన్నికలకు కూడా పనికొస్తుందని లక్ష్మణ్ లెక్క.

"కుదరదు. ఏ చెయ్యి చేసిందో ఆ చెయ్యి పేరే ఉండాలె. రూల్," అన్నాడు సత్తయ్య. నంబర్ కూడా చెప్పాడు గానీ, ఒళ్ళు మండిపోతున్న లక్ష్మణ్ వినిపించుకోలేదు.

రిజిస్ట్రేషన్ నంబర్‌కు చోటు ఖాళీ వదిలి పాకెట్లు అచ్చయి వచ్చాయి. 'బాలమణి సకినాలు, అత్వెల్లి.' గేటు మీద లక్ష్మణ్ పేరు, కారు అద్దం మీద అశ్రిత పేరు, చివరికి కుక్క మెడలో కూడా పేరుంది ఆ ఇంట్లో. బాలమణి పేరు పెళ్ళిపత్రిక తర్వాత మళ్ళీ అచ్చులో కనిపించడం ఇదే. ఆమె ఒక ఖాళీ పాకెట్ తీసుకెళ్ళి దేవుడి పటం వెనక దాచడం లక్ష్మణ్ కంట పడింది. చూడనట్టే వచ్చేశాడు.

ఆఖరికి ఆఫీసు నుంచి శృతి అనే అధికారి వచ్చింది. చిన్న పిల్ల, చేతిలో ఫైలు, నవ్వని ముఖం. బాలమణి కొంగు చివర నలిపి నలిపి తాడులా చేసింది. లక్ష్మణ్ కొబ్బరిబోండం తెచ్చాడు. "వద్దండీ, డ్యూటీలో ఉన్నా" అంది. సత్తయ్య టోపీ పెట్టుకుని, తనకే రిజిస్ట్రేషన్ ఇస్తున్నట్టు నిటారుగా నిలబడ్డాడు.

శృతి నీళ్ళ పరీక్ష కాగితం చూసింది, డబ్బాల మూతలు తీసింది, పొయ్యి కింద తొంగిచూసింది. పాకెట్ అటూ ఇటూ తిప్పింది. "శుభ్రంగా ఉంది," అంది. బాలమణి ఊపిరి పీల్చుకుంది.

అక్కడితో ఊరుకుంటే లక్ష్మణ్ రాజకీయాల్లోకి ఎందుకొస్తాడు? "మేడం, మీరడగనియి గూడ మేం పాటిస్తున్నం. గిన్నెలన్ని నేనే కడుగుత!"

"మంచిది. ఎందుకు?"

"గదేంది మేడం, రూల్ గదా! నాలుగు బై ముప్పై ఏడు. వండినామె ముందుగాల తినాలె, రెండు బై తొమ్మిది. మధ్యాహ్నం పండుకోవాలె..."

శృతి ఫైలు మూసింది. "ఇవెక్కడివండీ? మా రూల్స్‌లో ఇలాంటివి లేవు. ఆ నంబర్లే లేవు."

బాలమణి ముఖం పాలిపోయింది. రిజిస్ట్రేషన్ పోయినట్టే అనుకుంది. అందరి కళ్ళూ సత్తయ్య మీదికి తిరిగాయి. ఆయన పాకెట్ మీది పచ్చచుక్కను మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నాడు.

"నాలుగు బై ముప్పై ఏడు..." అని గొణిగిన లక్ష్మణ్ ఒక్కసారిగా కేక పెట్టాడు. "అరే! అది మన వీరయ్య ఇంటి నంబర్ గదా కాకా! పోయినేడు ఆ పక్క జాగ కొలిచింది నేనే!"

"రెండు బై తొమ్మిది పరమేష్ వాళ్ళది," అంది బాలమణి మెల్లగా. "ఒకటి బై నలభై ఐలమ్మది."

సత్తయ్య టోపీ తీసేశాడు. "రూల్ ఉన్నది. మేడం పుస్తకంల లేదు, ఊర్ల ఉన్నది. వీరయ్య ఇంట్ల వీరయ్యనే గిన్నెలు తోముతడు, పన్నుకు పోయిన్నాడల్ల సూసిన. పరమేష్ పెండ్లాం తిన్నంకనే పరమేష్ తింటడు. ఐలమ్మ ఇంట్ల మధ్యాహ్నం పొయ్యి ముట్టియ్యరు." గొంతు తగ్గించాడు. "కూసో బిడ్డా, తిను బిడ్డా అని ఎన్నేండ్లసంది మొత్తుకుంటున్న. ఎవ్వలిన్నరు? రూల్ అన్న, అందరిన్నరు."

"మరి పేరు?" అని అడిగాడు లక్ష్మణ్.

"నీకు జెప్పిన గదా, నువ్వే ఇనలె. ఐదు బై పదమూడు. నా ఇల్లే. పన్ను కాయిదం మీద పేరు ఎన్నడు నాది గాదు, ఇల్లు నిలవెట్టిన మీ నర్సమ్మ చిన్నమ్మదే. ఇప్పటికీ గదే ఉన్నది."

శృతి ముఖంలో నవ్వు అప్పుడు కనిపించింది. "లేని రూల్స్ పాటించారని కేసు రాసే రూల్ అయితే మాకు లేదండీ. మీకేం ఢోకా లేదు, నంబర్ వస్తుంది. ఇక పేరంటారా, అది మీ ఇష్టం. కావాలంటే మార్చి పంపండి."

అందరూ లక్ష్మణ్ వైపు చూశారు. బాలమణి అరచెయ్యి తనకు తెలియకుండానే పాకెట్ మీది పేరును కప్పేసింది. లక్ష్మణ్ ఆ చెయ్యిని చూశాడు.

"వద్దు మేడం," అన్నాడు. "చేసింది ఆమెనే. ఆమె పేరే ఉండనియ్యిండ్రి."

శృతి వెళ్ళింది, అశ్రిత ఎగిరి గంతేసింది, బాలమణి ఏడుస్తూ నవ్వింది. ఆ గోలలో సత్తయ్య ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు. సాయంత్రం దాకా గోడ అవతల నుంచి ఒక్క రూల్ కూడా వినిపించలేదు. బాలమణికి ఆ నిశ్శబ్దం నచ్చలేదు. లక్ష్మణ్‌ని వెంటబెట్టుకుని వెళ్ళింది.

సత్తయ్య పొయ్యి ముట్టించకుండా మంచం మీద కూర్చుని ఉన్నాడు. "దొంగ నంబర్లు చెప్పిన. ఇగ నా మాట ఎవ్వలింటరు బిడ్డా?"

"మామా, ఇప్పుడు నేనొక రూల్ జెప్త, ఇను," అంది బాలమణి. "ఇంట్ల వండి అమ్మేటోళ్ళు ఇంటి పెద్దమనిషిని ఒక్కణ్ణి వండుకోనియ్యొద్దు. రోజు పిలిచి తమతోటి కూసోవెట్టుకోవాలె."

సత్తయ్య తల ఎత్తాడు. ఎంత దిగులున్నా అలవాటు అలవాటే. "నంబర్ ఎంత?"

"ఐదు బై పన్నెండు."

సత్తయ్య ఒక క్షణం ఆలోచించాడు. గోడ మీదుగా లక్ష్మణ్ గేటు మీది ఇత్తడి పలక వైపు చూశాడు. తర్వాత లేచి, టోపీ మళ్ళీ పెట్టుకుని, చెప్పులు వెతుక్కున్నాడు. "రూల్ అన్నంక తప్పదు గదా," అన్నాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడని మనం చెప్పుకోవద్దు, ఆయనకు నచ్చదు.

ఆ పూట బాలమణి ముందు తిన్నది, తర్వాతే మిగిలినవాళ్ళు. తిన్నాక లక్ష్మణ్ లేచి చొక్కా చేతులు మడిచి కడాయి ముందు కూర్చున్నాడు.

"ఇగ నీకు రూల్ లేదు గదరా," అన్నాడు సత్తయ్య మొహమాటంగా.

"లేకుంటే లేకపాయె," అని లక్ష్మణ్ పీచు అందుకున్నాడు.

సత్తయ్య కాసేపు ఓపిక పట్టాడు. ఇక ఉండబట్టలేక వెనక నుంచి వంగి చూశాడు.

"అడుగు గూడ రుద్దాలెరా. గిది మాత్రం అసలు రూలే."