డబ్బాకు ఆనించిన ఫోటో

ముప్పై దాటిన మగవాడు బొమ్మల కంపెనీ పెద్దాయన పోయాడని వెక్కి వెక్కి ఏడిస్తే ఎవరైనా ఏమంటారు? మా వాడ ఏమీ అనలేదు. అన్నా బాగుండేది. నాలుగు తిట్లు తిని, మధ్యాహ్నానికి మామూలు మనిషినైపోయేవాణ్ణి.

మాది భువనగిరి దగ్గర ఒక నేతవాడ. నాయిన మగ్గం నేస్తాడు, అమ్మ దారం కండెలు చుడుతుంది. నేను మగ్గం ఎక్కలేదు. కంప్యూటర్ మీద చీరలకు బొమ్మలు గీస్తాను. ఏ గడిలో ఏ రంగు రావాలో నేను గీసి ఇస్తే, అది చూసి మావాళ్లు దారాలకు రంగులు అద్దుకుంటారు. ఆ విద్య నాకు బడిలో అబ్బలేదు, టీవీ ముందు అబ్బింది. చిన్నప్పుడు బడి నుంచి రాగానే సంచి గడప దగ్గర పారేసి, ఎక్కడో పరదేశంలో పుట్టి మా ఇంట్లో తెలుగు మాట్లాడే బొమ్మల ముందు కూలబడేవాణ్ణి. తెర మీద పరిగెత్తే బొమ్మను కాగితం మీదికి దించాలని చూసి చూసి చెయ్యి తిరిగింది.

ఆ బొమ్మలకు తెలుగు రావడానికి కారణం ఒక మనిషి అని పెద్దయ్యాక తెలిసింది. ఆయన బొమ్మలు గీయలేదు, కథలు రాయలేదు. కంపెనీ నడిపాడు, అంతే. పెద్ద భాషలు చాలు, మిగతావి దండగ అని తోటివాళ్లు అంటే, పిల్లలకు వాళ్ల అమ్మ మాటలోనే వినిపించాలని మొండికేశాడట. ఒక వీడియోలో నవ్వుతూ ఆ సంగతి ఆయనే చెప్పాడు. ఆ వీడియో చూసి చూసి నాకు కంఠతా వచ్చేసింది. నాలాంటి పిచ్చివాళ్లం ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. నల్గొండ, పాలమూరు, ఆలేరు, అన్ని వైపులవాళ్లూ ఉన్నారు. అందరం సంపాదించుకుంటున్నవాళ్లమే. కొందరికి పిల్లలు కూడా.

ఆ రోజు పొద్దున నాయిన మగ్గం మీద ఉన్నాడు. నేను పక్కనే చాయ్ తాగుతూ ఫోన్ తెరిచాను. గ్రూపు నిండా ఆయన ఫోటో, దాని కింద దీపాలు, పువ్వులు. ముందు నమ్మలేదు. నమ్మిన తర్వాత ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

"ఏందిరా, ఎవలు పోయిన్రు?" అమ్మ చేతిలో కండె వదిలేసి ఉరికొచ్చింది.

"బొమ్మల కంపెనీ పెద్దసారు."

"నీకేమైతడు?"

"ఏం కాడు. ఆయన లేకుంటె నాకు బొమ్మలేసుడు రాకపోవునే అమ్మా."

అమ్మ నాయిన వైపు చూసింది. కొడుకు ఏడుస్తుంటే నేయడానికి చేతులు రాలేదేమో, నాయిన అడ్డపోగు నడిపే నాడె పక్కన పెట్టి మగ్గం గుంటలోంచి లేచాడు. మగ్గం ఆగింది.

మా వాడలో పొద్దున మొదలైన మగ్గం అన్నం వేళ దాకా ఆగదు. మధ్యలో ఆగిందంటే ఆ ఇంటికి చావు కబురు వచ్చిందనే లెక్క. ఎవరూ వెళ్లి చెప్పక్కర్లేదు, చెవులే పట్టేస్తాయి. పక్కింటి మగ్గం ఆగింది. దాని పక్కది ఆగింది. "ఏం లేదు నాయినా, నువ్వు నేయి" అని నేను ముక్కు తుడుచుకునేలోపే వాడంతా చప్పుడు లేకుండా అయిపోయింది, మా వాకిట్లో చెప్పులు నిండిపోయాయి.

అమ్మ గడపలోకి వెళ్లి, "మా పోరనికి పని నేర్పిన పెద్దమనిషి పోయిండు" అంది.

అది అబద్ధమని అనలేను. కానీ మాలో పని నేర్పినవాడంటే తండ్రి తర్వాత తండ్రి. అలాంటివాడు పోయిన రోజు మగ్గం ముట్టరు, ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు, చుట్టుపక్కలవాళ్లే వండి తెస్తారు. నా పిచ్చిని నలుగురూ నవ్వకుండా కాపాడాలని అమ్మ ఒక్క మాటతో దానికి అంత మర్యాద తెచ్చిపెట్టింది. ఇప్పుడు నేను నిజం చెబితే పోయేది అమ్మ మాట. నోరు మూసుకున్నాను.

"ఏ ఊరాయనది?" అని అడిగారు. దూరం అన్నాను. "పీనుగ ఎప్పుడు లేస్తదట? పోవద్దా మరి?" అన్నారు. పోలేనన్నాను. పిల్లలెంతమంది? తెలియదు. ఏం రోగం? తెలియదు. తెలియదన్నకొద్దీ వాళ్లకు నా మీద జాలి ఎక్కువైంది. "పాపం, పోరని నోట మాటనే వస్తలేదు" అని ఒక అక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నాయిన కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలో దూరి పైన ఏదైనా కప్పుకోవాలనిపించింది నాకు. అంత సిగ్గేసింది.

గిన్నెలు రావడం మొదలైంది. ఒకరు పప్పు, ఒకరు పచ్చిపులుసు, ఒకరు జొన్నరొట్టెలు. అందరి తర్వాత ఎదురింటి నుంచి పెద్దనాయిన వచ్చాడు, మా నాయినకు సొంత అన్న. కిందటేడు పెద్దమ్మ పోయినప్పటి నుంచి ఒక్కడే వండుకుంటాడు, ఒక్కడే తింటాడు. ఆయన మగ్గం మీద ఒక పెండ్లి చీర ఉంది. సాయంత్రానికి వచ్చి తీసుకుపోతామని కొన్నవాళ్లు చెప్పారు. కొంగు ఇంకా కొంచెం మిగిలే ఉంది. అది అలాగే వదిలేసి, చేతిలో స్టీలు డబ్బా పట్టుకుని వచ్చాడు.

"తిను బిడ్డా. తినకుంటె పోయినోళ్లు వస్తరా?" అన్నాడు.

నేను తల ఎత్తకుండానే డబ్బా అందుకుని కంప్యూటర్ పక్కన పెట్టాను. గ్రూపులో పెద్ద గొడవ నడుస్తోంది. ఆయనది వయసులో ఉన్నప్పటి ఫోటో పెట్టాలా, ఈ మధ్యది పెట్టాలా అని. తీర్పు చెప్పే పని నా మీద పడింది.

మధ్యాహ్నం గ్రూపువాళ్లు ముగ్గురు బండ్ల మీద దిగారు. మా ఇంట్లో కూడి, ఆయన జ్ఞాపకంగా పాత బొమ్మల కథ ఒకటి చూద్దామని పొద్దున్నే అనుకున్నాం. వాకిట్లో ఇంతమంది ఉండగా వాళ్లను రావద్దని చెప్పాల్సింది, చెప్పలేదు. ముగ్గురి టీషర్టుల మీదా బొమ్మల మొహాలే. ఆలేరు నుంచి వచ్చినవాడు పొద్దున చర్చికి వెళ్లి, "ప్రార్థనల ఆయన పేరు గూడ తీసినన్నా" అంటూ మిగిలిన కొవ్వొత్తులు జేబులోంచి తీశాడు. ఇంకొకడు ఫోటో అచ్చు వేయించి అట్టకు అంటించి తెచ్చాడు. అది నిలబడటం లేదు. అటూ ఇటూ చూసి, బల్ల మీదున్న స్టీలు డబ్బాకు ఆనించాం. కొవ్వొత్తులు వెలిగించి కథ పెట్టాం. తెర మీద ఒక నత్త పడవ నడుపుకుంటూ, "అమ్మా, నేనొచ్చేశా!" అంది. నలుగురం ఒక్కసారే భోరుమన్నాం.

ఏడుపు తగ్గి వెనక్కి చూస్తే, తలుపు దగ్గరా కిటికీ దగ్గరా వాడ మొత్తం నిలబడి ఉంది.

"గీయననా? తెల్లోడు గద!" అంది పొద్దున కళ్లు ఒత్తుకున్న అక్క. "నీకు పని నేర్పింది గీయననా?"

అమ్మ తల దించుకుని కొంగు సర్దుకుంటోంది. ఇక దాచలేకపోయాను.

"లేదక్కా. నేనాయనను ఎన్నడు సూడలే. నేనొకణ్ని ఉన్ననని గూడ ఆయనకు తెల్వది. టీవీల బొమ్మలు తెలుగుల వచ్చేటట్టు చేసిండు, గంతే. అమ్మ నాకోసం గట్ల అన్నది."

ఎవరో కిసుక్కుమన్నారు. మిగతావాళ్లు పెద్దనాయిన వైపు చూశారు. చీర ఆగింది ఆయనదే మరి. ఆయన లోపలికి వచ్చి ఫోటోను కాసేపు చూశాడు. తెర మీది నత్తను ఇంకా ఎక్కువసేపు చూశాడు.

"నత్త మంచిగ మాట్లాడుతాంది" అన్నాడు. "సరే తియ్, ఎవలైతేంది. మగ్గాలైతె ఆపినం. మూడొద్దులకు పిట్టకు పెట్టాలె గద. ఈయనకేం ఇష్టం?"

మనిషి పోయిన మూడో రోజు, ఆ మనిషి ఇష్టంగా తినేవన్నీ వండి పిట్టలకు పెడతారు మాలో. కాకి వచ్చి ముడితే పోయినవాళ్లు తృప్తిపడ్డారని నమ్మకం. పెద్దనాయిన ఆటకే అడిగాడో నిజంగా అడిగాడో గాని, మేం నలుగురం మొహాలు చూసుకున్నాం. ఒకడు నూడుల్స్ అన్నాడు. "అవి నత్తకిష్టం, సారుకు కాదు" అని ఇంకొకడు మందలించాడు. ఏ బొమ్మ ఏం తింటుందో మాకు నిద్రలో లేపి అడిగినా చెబుతాం. ఆయన ఏం తినేవాడో ఒక్కరికీ తెలియదు.

"ఏం మనుషులురా! ఏం తింటడో తెల్వకుంటనే గింత ఏడ్సిన్రా?" అని పెద్దనాయిన పకపకా నవ్వాడు. వాడంతా నవ్వింది. నేనూ నవ్వాను. గండం గడిచిందనుకున్నాను. ఆ నవ్వులోనే ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పోనీ, నేను పోతె నాకేం పెడ్తవురా?"

ఆయన గడప, మా గడప ఎదురెదురు. చిన్నప్పుడు ఆయన పళ్లెంలో చెయ్యి పెట్టి తిన్నవాణ్ణి. ఎంత వెతుక్కున్నా ఒక్కటంటే ఒక్కటి తట్టలేదు. చాయ్ అందామా, అది అందరూ తాగేదే. మాంసం అందామా, ఆయన తింటాడో మానేశాడో కూడా తెలియదు. ఆయన నవ్వుతూనే చూస్తున్నాడు. చూస్తుండగానే ఆ నవ్వు కొంచెం కొంచెంగా తగ్గిపోయింది.

"సోంచాయించు, సోంచాయించు. ఇప్పుడే పోతలే గద" అని భుజం తట్టి, "చీరె దించాలె" అంటూ వెళ్లిపోయాడు. కాసేపటికి ఎదురింట్లో మగ్గం చప్పుడు మొదలైంది. తర్వాత ఒక్కొక్కరూ చెప్పులు తొడుక్కుని వెళ్లారు.

అమ్మ గిన్నెలు సర్దుతూ, నా మొహం చూడకుండా చెప్పింది.

"సర్వపిండి రా. పాణం ఇడుస్తడు దానికి. మీ పెద్దమ్మ పోయినంక తనే కాల్చుకుంటుండు. పొద్దుగాల నీకు తెచ్చిండు గద."

నేను కొవ్వొత్తులు పక్కకు జరిపి, ఫోటోను బల్ల మీద బోర్లా పెట్టి, డబ్బా మూత తీశాను. బియ్యప్పిండి తట్టి కాల్చిన సర్వపిండి ముక్కలు చల్లారి గట్టిపడ్డాయి. మాడిన చోటల్లా చాకుతో గీకి, నల్లటిది ఎక్కడా కనపడకుండా చేసి తెచ్చాడు.