లెక్కకి నాలుగో మనిషి

మొన్న ఆదివారం మా అమ్మాయి, దాని స్నేహితురాళ్ళిద్దరూ సోఫాలో ఒకరి మీద ఒకరు పడి, సెల్‌ఫోను పైకెత్తి పట్టుకుని సెల్ఫీకి మూతులు ముడుస్తుంటే, వంటింట్లో పోపు వేస్తున్నదాన్ని గరిటె చేత్తోనే పరుగెత్తుకెళ్ళి వాళ్ళ పక్కన దూరిపోయా. "మధ్యలో నువ్వెందుకమ్మా!" అని విసుక్కుంది మా పిల్ల. "మధ్యలో కాదే, చివర్లో" అన్నా. ముగ్గురు కలిసి ఫోటో దిగకూడదని, దిగితే ఒకరికి కీడని చెప్తే ఈ కాలం పిల్లలు పడీ పడీ నవ్వుతారు. నవ్వనీండి. నాకు మాత్రం ముగ్గురు కెమెరా ముందు కనిపిస్తే ఈ వయసులోనూ కాళ్ళు ఆగవు, నా బాల్యంలో సగం అలా పరుగెత్తడంలోనే గడిచింది మరి.

మాది జగ్గయ్యపేట. తొంభైల చివర్లో మా ఇంటి వీధి గదిలో మస్తాన్ బాబాయ్ ఫోటో స్టూడియో ఉండేది. ఆయన మాకు చుట్టం కాదు, అద్దెకున్నాయన, కానీ చుట్టాలకంటే ఎక్కువ. గదిలో నీలం కొండలూ రెండు హంసలూ ఉన్న రంగుల తెర, దాని ముందు ఒక కాలు పొట్టిదైన స్టూలు, ఎప్పుడూ వేడెక్కిన లైట్ల వాసన, పౌడరు వాసన, ఎండాకాలం వచ్చిందంటే వీటన్నిటి మీదా మల్లెపూల వాసన. ఒళ్ళు చెమటలు కక్కే ఏప్రిల్ మధ్యాహ్నాల్లో, వీధిలో మిరప బస్తాల ఘాటుకి తుమ్ముకుంటూ, పూలజడలు వేయించుకున్న ఆడపిల్లలు వరసగా వచ్చేవాళ్ళు. జడా మొహమూ రెండూ కనపడాలి గనక వెనక నిలువుటద్దం పెట్టి తీసేవాడాయన. మా నాన్నమ్మ అరుగు మీద కూర్చుని వక్కపలుకులు నములుతూ లోపలికెళ్ళే వాళ్ళని లెక్కపెట్టేది. "ఒరే మస్తానూ, ముగ్గురెళ్తున్నార్రా!" అని ఆవిడ అరవడం, "చిట్టీ, ఒక్క నిమిషం రామ్మా" అని ఆయన పిలవడం, తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి మీదున్నదాన్ని ఆ ఆట అక్కడే వదిలేసి నేను వెళ్ళి చివర నిలబడడం. అన్నదమ్ములు ముగ్గురొచ్చినా, కాలేజీ అయిపోయిన స్నేహితులు ముగ్గురొచ్చినా నాలుగోదాన్ని నేనే. చిల్లకల్లు, పరిటాల, మైలవరం దాకా ఎంతమంది ఆల్బముల్లో మాసిన స్కూలు గౌనుతో ఉండిపోయానో నాకే తెలీదు. ఈ పిల్లెవరని వాళ్ళ మనవలు అడిగితే ఏం చెప్తారో పాపం.

నాకు పన్నెండేళ్ళప్పుడు, ఆ వేసవిలో నందిగామ నుంచి మా మేనత్త ముగ్గురు కూతుళ్ళని తీసుకొచ్చింది. ముగ్గురికీ పూలజడలు. వాళ్ళ పక్కన నిలబడమంటే ఎగిరి గంతేశా, ఎందుకంటే ఈసారి ఊరివాళ్ళు కాదు, నా సొంత వదినలు. మొహం రెండుసార్లు కడుక్కుని, చేతుల దగ్గర కుచ్చులున్న గులాబీరంగు గౌను వేసుకుని, చిన్నొదిన భుజమ్మీద చెయ్యి వేసి మరీ దిగా. వానలు మొదలయ్యాక నాన్నతో బస్సెక్కి నందిగామ వెళ్తే, అత్తయ్య ముందుగదిలో గోడ మీద ఆ ఫోటో ఇంత పెద్ద ఫ్రేములో ఉంది. అందులో వదినలు ముగ్గురే ఉన్నారు. చిన్నొదిన భుజమ్మీద గులాబీరంగు కుచ్చు ఒక్కటి మిగిలింది.

"నేనేదత్తయ్యా?" అని అడిగా.

"ఫ్రేములో పట్టలేదే. నువ్వెటూ లెక్కకి నుంచున్నదానివేగా" అంది అత్తయ్య, చేటలో బియ్యం ఏరుకుంటూ, చాలా మామూలుగా.

ఆవిడకి నామీద కోపమేం లేదు, అదే నాకు ఇంకా మండింది. ఆ రోజు నందిగామలో పెట్టిన బొబ్బట్టు కూడా ముట్టుకోలేదు, అంటే నేనెంత ఉడికిపోయానో చూసుకోండి. ఇంటికొచ్చి మస్తాన్ బాబాయ్ మీద విరుచుకుపడ్డా, ఇకనుంచి నన్ను మధ్యలో నిలబెట్టి తీయమని. ఆయన నెగటివులు వెలుతురుకి పెట్టి చూసుకుంటూ, "మధ్యలో నుంచుంటే ఇంకోళ్ళు ఇంకోవైపు నుంచి కోస్తారమ్మా. నిన్ను తీసేస్తే ఆ ఫోటోకే అర్థం లేకుండా పోవాలి, అట్టా నుంచో" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఎన్ని రోజులు ఆలోచించానో. బడిలో లెక్కల మాస్టారు బోర్డు మీద ఏం రాశారో ఒక్కటీ గుర్తులేదు గానీ, నోటుబుక్కు చివరి పేజీల్లో నేను గీసుకున్న గళ్ళు మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందున్నాయి. గడికో బొమ్మ, బొమ్మకో మలుపు. ముగ్గురు పెద్దవాళ్ళు మాయమైన గారెల కోసం వెతుకుతుంటారు, దొంగ వాళ్ళ పక్కనే ఉంటుంది, చూసేవాళ్ళకి తెలుస్తుంది గానీ వెతికేవాళ్ళకి తెలీదు. ఆ దొంగని నేను. నన్ను కత్తిరిస్తే కథే లేదు.

దసరాకి అత్తయ్య ఒక్కతే పుట్టింటికొచ్చింది. మహర్నవమి పొద్దున ఇల్లంతా రుబ్బిన మినప్పిండి వాసన, అల్లం పచ్చడి వాసన, బాండీలో గారెలు చుయ్యిమంటున్నాయి. అప్పుడొచ్చాడు బాబాయ్, "పెళ్ళి రీల్లో అయిదు ఫోటోలు మిగిలినయ్యే, ఇంకో గంటలో రీలు కడిగించడానికి బెజవాడ పంపాలి, తీసుకుంటావా" అంటూ. అయిదే. అవి పాడైతే మళ్ళీ ఎప్పటికో. నాన్నమ్మని, అమ్మని, అత్తయ్యని బతిమాలి పెరట్లోకి లాక్కొచ్చా. నాతో కలిపి నలుగురం గనక నాన్నమ్మకి ఏ అభ్యంతరమూ లేదు. మంచం కింద వెతకాలి, చూరు వంక చూడాలి అని అంతా నేర్పా. తీరా బాబాయ్ అలవాటు కొద్దీ "రెడీ..." అన్నాడో లేదో, ముగ్గురూ పైట సర్దుకుని, చేతులు కట్టుకుని, జెండా వందనానికి నిలబడ్డట్టు నిలబడి కెమెరా వంక చూశారు. ఆయనా నొక్కేశాడు. ఒకటి పోయింది.

"కెమెరా వంక చూడకపోతే అది ఫోటో ఎట్టా అవుద్దే!" అని నాన్నమ్మ నన్నే కసిరింది.

ఏడుపు తన్నుకొచ్చింది. కానీ ఏడిస్తే గంట గడిచిపోతుంది. వంటింట్లోకి దూరి, ఇంకా నైవేద్యం పెట్టని గారెల గిన్నె నిజంగానే ఎత్తుకొచ్చి బట్టలుతికే బండ వెనక దాచి, బాబాయ్ చెవిలో "రెడీ అనొద్దు, నీకు పుణ్యముంటుంది" అని చెప్పొచ్చా. రెండు నిమిషాలకి లోపల్నుంచి నాన్నమ్మకి అమ్మ కేక. "అత్తయ్యగారూ, గారెల గిన్నె లేదండీ!"

ఇక చూడండి నా సామిరంగా, పెరడంతా గాలింపే! నాన్నమ్మ చూరు మీద కోతి ఉందేమోనని మెడ రిక్కించి చూస్తోంది, అత్తయ్య నడుం పట్టుకుని మంచం కిందకి వంగింది, అమ్మ అంట్ల గిన్నెలన్నీ బోర్లిస్తోంది, నేను ఓ చివర చేతులు వెనక్కి పెట్టుకుని కెమెరా వంకే చూస్తూ నిలబడ్డా, అది మొదటి ఫోటో. రెండోదానికి ఒక అడుగు లోపలికి జరిగా, గారె కొరికా. మూడోదానికి మధ్యకొచ్చేశా, రెండు బుగ్గలూ నిండుగా. నాలుగోదానికి నాన్నమ్మ ఇటు తిరిగింది. "నైవేద్యం పెట్టకముందే ఎంగిలి చేశావుటే!" అని చెయ్యెత్తింది, అమ్మా అత్తయ్యా నోళ్ళు తెరిచి నా వంకే చూస్తున్నారు, నేను నోటినిండా గారెతో నవ్వుతున్నా. టక్కుమంది కెమెరా. ఆ వెంటనే వీపు విమానం మోత మోగింది, ఆ సంగతి ఫోటోలో లేదు.

దసరా వెళ్ళిన వారానికి నాలుగు ఫోటోలూ వరసగా స్టూడియో అద్దాల షోకేసులో అంటించాడు బాబాయ్. సినిమాకెళ్ళేవాళ్ళూ బజారుకొచ్చిన రైతులూ ఆగి, ఎడమ నుంచి కుడికి చూసుకుంటూ వచ్చి చివరిదాని దగ్గర పగలబడి నవ్వి, మళ్ళీ మొదటికెళ్ళేవాళ్ళు. నన్ను కొట్టిన నాన్నమ్మే అరుగు మీద నుంచి కథంతా విడమరిచి చెప్పేది. ఆ కబురు విని అత్తయ్య నందిగామ నుంచి బస్సులో వచ్చి పడింది, మంచం కింద వంగి ఉన్న తన ఫోటో ఊరంతా చూస్తోందని లబోదిబోమంటూ. "ఆ చివరిదొక్కటే బాగుంది, దీన్ని తీసేసి మా ముగ్గుర్నీ ఉంచి ఇవ్వు" అంది. బాబాయ్ ఆ ఫోటోనీ కత్తెరనీ తీసి ఆవిడ ముందు పెట్టాడు. అత్తయ్య ముందు అరచెయ్యి నా బొమ్మ మీద మూసి చూసింది. ముగ్గురు పెద్ద ఆడవాళ్ళు ఏమీ లేనిచోటుని కళ్ళింతింత చేసుకుని చూస్తున్నారు, ఒకావిడ గాలిని కొట్టబోతోంది. అత్తయ్యకి నవ్వాగలేదు. చెయ్యి తీసేసి, "ఇది లేకపోతే ఏముందయ్యా ఇందులో! నాలుగూ ఇవ్వు" అంది. గెలిచా. అంత గెలుపు మళ్ళీ ఇంకెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు ఆ వీధి గది సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు. నాన్నమ్మ లేదు, బాబాయ్ లేడు, రీళ్ళు లేవు, వారం రోజుల ఎదురుచూపు లేదు. మనుషుల్ని నిలబెట్టి ఫోటోల్లో కథలు చెప్పడమే నా బతుకైంది. వాటిని వేలమంది చూస్తారు, చూసి వేలితో పైకి తోసేస్తారు. అప్పట్లో, ఆ నాలుగూ షోకేసులో ఉన్న రోజుల్లో, ఒకరోజు మిరప బస్తాల బండి అతను ఎద్దుల్ని నడివీధిలో నిలేసి దిగొచ్చాడు. నాలుగు ఫోటోలూ తీరిగ్గా చూసి, గుమ్మంలో ఉన్న నా వైపు తిరిగి, "ఆ పిల్లవి నువ్వేనంటమ్మా?" అన్నాడు.

"నేనే" అన్నా.