దుప్పటి కప్పుకున్న గిన్నె

గరిటమ్మ చేతికి ఒక్క మనిషి ఆకలి ఎంతో తెలియదు. తెలిసే వీలే లేకపోయింది. లేత వయసులో ఫ్యాక్టరీ క్యాంటీనులో ఉల్లిపాయల ముందు కూర్చున్న పిల్ల, జుట్టు నెరిసేదాకా అక్కణ్ణుంచి లేవలేదు. తరిగే పీట మీంచి కడిగే తొట్టి దగ్గరికి, అక్కణ్ణుంచి పొయ్యి దగ్గరికి, చివరికి పెద్ద గరిటె పట్టుకునే చోటికి చేరింది. అసలు పేరు జీతం ఇచ్చే గుమస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. పెళ్లెందుకు చేసుకోలేదని కొత్తగా చేరినవాళ్లు అడిగేవారు. వంట దించేసరికి వేళ దాటిపోయిందని చెప్పి, కంచంలో ఇంకో గరిటెడు వేసి పంపేసేది.

ఆ క్యాంటీనులో ఎవరూ గోడ మీద రాయని చట్టం ఒకటుండేది. వండినవాళ్లు చివర తినాలి. షిఫ్టు దిగినవాళ్లు, ఎక్కబోయేవాళ్లు, ఆఖరికి గేటు దగ్గరి కాపలావాడు కూడా తిని చేయి కడుక్కున్నాక, గంగాళం అడుగున మిగిలింది వంటవాళ్లది. అదీ నిలబడే. ఒక చెవి సైరను మీద వేసి, చల్లారిన మెతుకులను మాడు వాసనతో పాటు మింగేయడమే. తన వంట వేడిగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో గరిటమ్మ ఇతరుల ముఖాల్లో చూసి తెలుసుకుంది. వాళ్ల కనురెప్పలు వాలిన తీరును బట్టి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేది. సొంత నాలుకకు మాత్రం ఆ రుచి దూరపు చుట్టమే.

పని మానేశాక మూడో అంతస్తులో ఒక గది అద్దెకు తీసుకుంది. ఒక మంచం, ఒక కుర్చీ, కిటికీ పక్కన ఒంటి పొయ్యి. ఆ కిటికీలోంచి ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టలు కనిపిస్తాయి, గాలి వేస్తే అవి ఎవరూ తొడుక్కోకుండానే నడుస్తాయి. వచ్చిన మొదటి రోజు తన కోసమని అన్నం పెట్టింది. చేయి అలవాటుగా సంచిలోకి వెళ్లింది, అలవాటుగా బయటికి వచ్చింది. అన్నం పొంగి మూత నెట్టుకుని లేచింది. మెట్ల వరసలో ఉన్నవాళ్లందరికీ పంచినా మిగిలింది. మర్నాడు కూర వండితే ఉప్పు కషాయమైంది. ఆ చేయి పిడికెడు తప్ప చిటికెడు ఎరగదు మరి.

అప్పుడు మొదలైంది గరిటమ్మకూ ఆమె చేతికీ పోరు. గరిటెను అటక మీదికి విసిరేసి చెంచా పట్టుకుంది. గుప్పెడు తీసుకుని, అందులో సగం వెనక్కి పోసి, ఆ సగంలోంచి మళ్లీ కొంచెం పోసేది. ఎసరు చూసి నవ్వొచ్చేది. ఇంతేనా, పిచ్చుక స్నానానికైనా చాలదే అనుకునేది. సగం కోసిన ఉల్లిపాయను సాసరు మీద బోర్లించి రేపటికి దాచడం, క్యాబేజీ పై ఆకులు పారేయకుండా సన్నగా తరిగి వేయించడం, బంగాళదుంప చెక్కును కరకరలాడించడం ఆ పోరులోనే నేర్చుకుంది. బజారులో ఒకే ఒక్క దుంప ఏరుకుని తక్కెట్లో పెడితే, కూరగాయలవాడు దానికి తోడు వద్దా అమ్మా అన్నాడు. నాకే లేదు, దానికెందుకంది. ఆ రోజు నుంచి వాడు ఆమె కోసం చిన్న దుంపలు పక్కన పెట్టడం మొదలెట్టాడు.

తమ్ముడికి ఇదంతా నామోషీగా ఉండేది. అతను తాళాలు బాగుచేస్తాడు. ఊళ్లో సగం తలుపుల గుట్టు అతని చేతుల్లోనే ఉంటుంది. వచ్చినప్పుడల్లా ఒకటే మాట, ఒక్కదానివే కదా, ఒక్క పొట్ట కోసం పొయ్యి వెలిగించడమేమిటి, మా ఇంటికి వచ్చేయమని. మరదలు అందుకుని, ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనేది. ‘ఒక్కదానివే కదా’ అన్న మాట గరిటమ్మను మాడు వాసనలా రోజంతా వదిలేది కాదు. ఇంతమందికి వండినప్పుడు అది వంట. ఒక్కరికి వండితే వృథా. మరి ఆ ఇంతమందీ ఒక్కొక్కరే కాదా?

గ్యాసు పొదుపు చేయడానికి ఆమె దగ్గర పాత కిటుకు ఒకటుంది. క్యాంటీనులో గ్యాసు తగ్గినప్పుడు, సగం ఉడికిన గంగాళాన్ని దించి గోనెసంచులు చుట్టేవారు. లోపలి వేడే మిగతా వంట పూర్తి చేసేది. గదిలో గోనెసంచులు ఎక్కడివి? మంచం మీద దుప్పటి ఉంది, తలగడ ఉంది. బియ్యం, పప్పు, తరిగిన క్యారెట్టు ఒకే గిన్నెలో వేసి, నాలుగు పొంగులు రాగానే పొయ్యి ఆర్పేసి, మూత బిగించి మంచం మీద పెట్టేది. దుప్పటి నిండా కప్పి, గాలి తగలకుండా చుట్టూ అంచులు దోపి, పక్కన తలగడ ఆనించి పెట్టి, తాళం వేసుకుని బజారుకు వెళ్లేది. తిరిగి వచ్చేసరికి గిన్నె తన పని తాను చేసుకుని ఉండేది. నిద్రలో పండిన పండులా.

ఒక మధ్యాహ్నం మరదలు వచ్చింది. తలుపుకు తాళం వేసి ఉంది. తాళం అమర్చిన తమ్ముడు మారు తాళంచెవి ఒకటి తన దగ్గర ఉంచుకున్నాడు. దాంతో లోపలికి వచ్చి మంచం చూసింది. ఎవరో చిన్నపిల్ల పడుకున్నట్టుంది. దగ్గరికి వెళ్లి దుప్పటి తొలగిస్తే గిన్నె. చేయి వేస్తే వెచ్చగా ఉంది. పిల్లాజెల్లా లేని మనిషి, ఒంటరితనం తలకెక్కి గిన్నెను జోకొడుతోందనుకుంది. కప్పింది కప్పినట్టే కప్పి, అడుగుల చప్పుడు కాకుండా వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం మొగుడూ పెళ్లాం ఇద్దరూ వచ్చారు. కింద అద్దె వ్యాను ఆగి ఉంది. గరిటమ్మ బజారు నుంచి అప్పుడే వచ్చి, మంచం అంచున కూర్చుని చెప్పులు విప్పుతోంది. పక్కన గిన్నె పడుకుని ఉంది. తమ్ముడు గిన్నె వైపు చూశాడు, అక్క వైపు చూశాడు, జ్వరంతో ఉన్నవాళ్లతో మాట్లాడినట్టు గొంతు తగ్గించాడు.

“అక్కా, దానికి పేరేమైనా పెట్టావా?”

“దేనికి?”

“అదే... గిన్నెకి.”

గరిటమ్మకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వు ఆగలేదు. కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు చూసి మరదలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అంత పగలబడి నవ్వడమూ రోగలక్షణమే అనుకుని ఉంటుంది. నవ్వు తగ్గాక గరిటమ్మ గోనెసంచుల సంగతి, గ్యాసు సంగతి చెప్పింది. తర్వాత చేయి చాచి, నా గది మారు తాళంచెవి కూడా నా దగ్గరే ఉండాలి, ఇమ్మంది. తమ్ముడు సగం సిగ్గుతో, సగం ఊరటతో జేబులోంచి తీసి ఇచ్చాడు.

మరదలు మాత్రం వెనక్కి తగ్గలేదు. పిచ్చి కాకపోతే మంచిదే, కానీ ఈ అవస్థ ఎందుకంది. ఇంట్లో పెద్ద పొయ్యి ఉంది, కోడలికి నెలలు నిండుతున్నాయి, తన మోకాళ్లు నిలబడనివ్వడం లేదు, వదిన వస్తే అందరికీ కడుపులో చల్ల కదలదు. వంటగదంతా వదినదేనట, తను వేలు కూడా పెట్టదట. వ్యాను ఎందుకొచ్చిందో గరిటమ్మకు అప్పటికి తెలిసింది. అందులో కోపం తెచ్చుకోవాల్సినంత దుర్మార్గమేమీ లేదు. వాళ్లు నిజంగానే ప్రేమతో వచ్చారు, ఆ ప్రేమకు ఆకలి వేస్తోందంతే.

“వంటగది నాదంటున్నావు. మరి వంట ఎవరిదమ్మాయ్?”



గరిటమ్మ లేచి దుప్పటి విప్పింది. గిన్నె తెచ్చి కిటికీ పక్క గట్టు మీద పెట్టి మూత తీసింది. ఆవిరి ఒక్కసారిగా పైకి లేచి గది మధ్యలో కాసేపు నిలబడింది. పప్పూ బియ్యం ఒకదాన్నొకటి హత్తుకుని, క్యారెట్టు ముక్కలు మధ్యమధ్య దీపాల్లా ఉన్నాయి. వచ్చిన ఇద్దరూ పొద్దుటి నుంచి ఏమీ తిన్నట్టు లేరు. ఈ గొడవలో వాళ్లింట పొయ్యిలో పిల్లి లేచి ఉండదు. తమ్ముడి గొంతు గుటక వేయడం ఆమెకు వినిపించింది.

గరిటమ్మ చేయి దానంతటదే కదిలింది. మూడు కంచాల కోసం గూట్లోకి వెళ్లబోయింది. తనకు అడుగున కొంచెం ఉంచుకుని, పైన పైన ఉన్నది వాళ్లకు తీయమని వేళ్లు గుంజాయి. అన్నేళ్ల అలవాటు మరి, ఆకలి ముఖం కనిపిస్తే ఆగేది కాదు. ఇప్పుడు ఇక్కడ వడ్డిస్తే, సాయంత్రానికి అక్కడ వడ్డిస్తుంది. ఆ తర్వాత చివరి ముద్ద దాకా నిలబడే తింటుంది. అది ఆమెకు ఆవిరిలో అచ్చు వేసినట్టు కనిపించింది.

చేతిని వెనక్కి తీసుకుంది. ఒకే కంచం దించింది. ఉన్నదంతా అందులో వేసుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె కూర్చుని తినడం ఆ ఇద్దరూ ఎన్నడూ చూడలేదు.

మొదటి ముద్ద నాలుక కాల్చింది. ఊదుకుని రెండోది పెట్టుకుంది. ఆమె కనురెప్పలు వాలాయి.

“మాకు పెట్టవా అక్కా?” అన్నాడు తమ్ముడు. చిన్నప్పటి గొంతు అది.

“పెట్టను. ఇది ఒక్క మనిషికి వండింది, ఆ మనిషి తింటోంది.” నింపాదిగా నమిలి మింగింది. “రేపు వస్తామని ముందు చెప్పండి, ముగ్గురికి వండుతాను. చుట్టాలుగా రండి, కడుపు నిండా పెడతాను. నన్ను తీసుకెళ్లడానికి మాత్రం రావద్దు.”

మరదలికి ముఖం ఎర్రబడింది. ఇంటికొచ్చిన వాళ్లను ఎదురుగా నిలబెట్టుకుని తినే మనిషిని పుట్టి బుద్ధెరిగాక చూడలేదని గొణిగింది. గరిటమ్మ ఆ మాటను విని, దాన్ని కాదనకుండా, క్యారెట్టు ముక్క ఏరుకుని తింది. ఆడపడుచుకు ఎదురుగా ఏం చేయాలో తెలియక మరదలు నెమ్మదిగా మంచం మీద కూర్చుంది. దుప్పటి ఇంకా వెచ్చగా ఉన్నట్టుంది, చేయి దాని మీదే ఉంచుకుంది.

కింద వ్యాను హారన్ మోగింది. మళ్లీ మోగింది. తమ్ముడు కాసేపు అక్క నమలడం చూశాడు. తర్వాత కిటికీలోంచి తల బయట పెట్టి, సామాను లేదు, వెళ్లిపొమ్మని డ్రైవరుకు చేయి ఊపాడు.

గరిటమ్మ ఇంకో ముద్ద కలుపుకుంది.