జానెడు ఎక్కువైన కిటికీ

నిజాం రాజ్యం చివరి రోజుల్లో మా మంథనిలో చాలామంది వీధివైపు కిటికీలను ఇటుకలు పేర్చి, మట్టి మెత్తి మూసేశారు. ఎవరు ఎప్పుడు ఇంటిమీద పడతారోనన్న భయం. ఆ భయం పోయాక ఒక్కొక్కరే మా బాపు దగ్గరికి రావడం మొదలుపెట్టారు. నాన్నను మేం బాపు అనేవాళ్లం; తలుపులు, కిటికీలు చేసేవాడు. చెదలు తిన్నవి ఊడబీకి కొత్త టేకువి బిగించేవాడు. ఊళ్లో ఇళ్లన్నిటికీ మళ్లీ గాలి వచ్చింది, ఒక్క మా ఇంటికి తప్ప.

మా అవ్వ, అంటే మా అమ్మ, ఒప్పుకోలేదు. "ఊరోళ్ల సంగతి నాకెందుకు? నా గోడ ముట్టుకుంటే ఊకోను" అనేది. పోనీ, ఆ గోడ వెనక నిమ్మళంగా ఉందా అంటే అదీ లేదు. రాత్రి కుక్క నడిచినా లేచి, తలుపుకు చెవి ఆనించి నిలబడేది. ఏళ్లు గడిచినా అంతే. ఇలా నిద్ర లేకపోతే మనిషి దక్కదని బాపుకు బెంగ. నాకు బెంగకంటే కోపమే ఎక్కువ. కిటికీలు చేసే ఇంట్లో పట్టపగలు దీపం పెట్టుకుని బియ్యం ఏరడమేమిటి?

ఒకసారి పక్క వీధి నేతాయన నాలుగు జానల వెడల్పు కిటికీ కావాలని కబురు పంపాడు. బాపు తన జానతో కొలిచి చేశాడు. బాపు చెయ్యేమో చేటంత. తీసుకుపోతే అక్కడ పట్టలేదు.

"గిదేంది? నేను నాలుగు జానలే అన్న గదా!" అన్నాడు నేతాయన.

"నాలుగే చేసిన. ఎవల జాననో నువ్వు చెప్పలే, నేను అడగలే" అన్నాడు బాపు.

ఇద్దరూ అరచేతులు ఆనించి చూసుకుని పగలబడి నవ్వారు. ఆయనకు ఇంకోటి చేసిచ్చాడు. పెద్దది మా వాకిట్లో రెండు గుంజల మధ్య నిలబడిపోయింది.

అవ్వ దాని వెనక కూర్చుని బియ్యం ఏరేది. వీధిలో అడుగుల చప్పుడైతే తలెత్తి, ఊచల్లోంచి చూసి, మళ్లీ పనిలో పడేది. ఉలిక్కిపడకపోవడం చూసి నాకే ఆశ్చర్యమేసింది. ఒకనాడు తనే బాపుతో అంది:

"ఇగో, జర ఇను. నాకు కనబడకనే పరేషాన్ అయితుంది. ఎవలొస్తుండ్రో కనబడితే సాలు. దీన్ని గా గోడకు పెట్టు."

మనసు మార్చుకుంటుందేమోనని బాపు ఆ పూటే గోడ పగలగొట్టి కిటికీ బిగించాడు. అవ్వ దాని పక్కనే మంచం వేయించుకుంది.

మర్నాడు బారెడు పొద్దెక్కినా అవ్వ లేవలేదు. పిలిచాను, పలకలేదు. బాపు, నేను పరుగున లోపలికి పోయాం. ముఖంమీద ఎండ పడుతోంది. అవ్వ నోరు తెరిచి గురక పెడుతోంది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

బాపు పిల్లిలా బయటికి వచ్చి చెక్కను చిత్రిక పట్టే రంద పక్కన పెట్టేశాడు. తలుపు చేసిమ్మని అడగడానికి ఎవరో వస్తుంటే వీధిలోకి ఎదురుపోయి ఆపాడు.

"ఇయ్యాల పని బంద్. మా ఇంటామె నిద్రవోతుంది."