నల్లకోటు జేబు

కాజాలమ్మకు దేవుడి ఆజ్ఞలన్నీ కంఠతా వచ్చు. చిన్నప్పుడు ఆదివారపు బడిలో వేళ్లు మడుస్తూ నేర్చుకుంది. ఇప్పటికీ వేళ్లు మడవనిదే చెప్పలేదు. దొంగతనం చేయకూడదు, అబద్ధమాడకూడదు, పొరుగువాళ్లను మనల్ని చూసుకున్నట్టే చూసుకోవాలి. విడివిడిగా ఉన్నంతకాలం వాటితో ఆమెకు ఏ పేచీ రాలేదు. రెండు ఆజ్ఞలు ఒకే గుమ్మంలో ఎదురుపడితే ఏది పక్కకు తప్పుకోవాలో మాత్రం ఆ బడిలో ఎవరూ చెప్పలేదు.

ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. మిషను మీద చిటికెలో అయిపోయే కాజాలను కూర్చుని చేత్తో కుడుతుంది గనక ఆ పేరు స్థిరపడింది. మొగుడు పోతూ పోతూ ఆమెకు రెండు అప్పగించి పోయాడు: ఒక కుట్టుమిషను, ఒక అత్తగారు. రెండింటికీ వేళకు నూనె పడకపోతే వీధి చివరిదాకా వినిపిస్తాయి. అత్తగారికి మోకాళ్లు పనిచేయవు గానీ నోరు మాత్రం దేవుడు దండిగా ఇచ్చాడు.

గోడ అవతలి ఇంట్లో డ్రైవరన్నయ్య ఉంటాడు. బతుకంతా బస్సు తోలి రిటైరయ్యాడు. భార్య లేదు, పిల్లలు లేరు. ఉన్నదల్లా మందిరం వ్యాను. ప్రతి ఆదివారం నల్లకోటు తొడుక్కుని, నడవలేని పెద్దమ్మలను గుమ్మాల దగ్గర ఎక్కించుకుని ఆరాధనకు తీసుకెళ్లి, మళ్లీ ఎవరి గుమ్మంలో వాళ్లను దించుతాడు. అదే ఆయన సేవ. అది జీతానికి చేసే పని కాదు, అందుకే మానడం కష్టం.

ఒకరోజు ఆయన తెల్లచొక్కా, ఊడిన గుండీ పట్టుకుని వచ్చాడు. కాజాలమ్మ ఆయన అరచేతిలోకి చూసి పకపకా నవ్వింది.

"ఏంటన్నయ్యా, తెల్లచొక్కాకి ఎర్ర గుండీయా? ఏమైనా పెళ్లిచూపులా?"

ఆయన నవ్వలేదు. అరచేతిని మొహానికి దగ్గరగా తెచ్చుకుని చాలాసేపు చూశాడు. "ఎరుపా?" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. కళ్లు మసకబారుతున్నాయి, డాక్టరు ఇక మందు లేదన్నాడు, ఆకారాలు తెలుస్తాయి గానీ రంగులు తెలియవు. "నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు చెల్లెమ్మా. నీ నోట్లోంచి బయటికి రాకూడదు."

"మరి వ్యానో?"

"దారి నా చేతులకు తెలుసమ్మా. కళ్లతో పనేముంది?"

కాజాలమ్మ నమ్మింది. నమ్మాలనిపించింది కాబట్టి నమ్మింది. ఆయన బట్టలన్నీ తెప్పించుకుని కాలర్ల లోపల గుర్తులు కుట్టింది. ఒక ముడి ఉంటే తెలుపు, రెండు ముడులైతే నీలం, అడ్డగీత అయితే గోధుమరంగు. ఆయన వేలితో తడిమి, "ఇది నీలం" అని పసిపిల్లాడిలా మురిసిపోతుంటే ఆమెకు కడుపు నిండిపోయింది. పొరుగువాణ్ణి ప్రేమించడమంటే ఇదే కదా అనుకుంది. ప్రభువు తన సూదిలోంచే దారం తీస్తున్నాడని కాస్త గర్వం కూడా వచ్చింది.

ఆ గర్వం వ్యాను మందిరం గేటుకు రాసుకున్న రోజున దిగింది. తలుపు పొడవునా గీత పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లి అడ్డొచ్చిందన్నాడు డ్రైవరన్నయ్య. అందరూ పిల్లిని తిట్టారు. కాజాలమ్మ అక్కడే నిలబడి ఉంది, ఆమెకు ఏ పిల్లీ కనబడలేదు.

ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఆమెను పక్కకు పిలిచారు. "మీ పక్కింటాయనే కదమ్మా, చూపు బాగానే ఉందా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె చేయి చప్పున ఎప్పుడూ వెంట ఉండే సూదుల సంచి మీదికి పోయింది. "నాకేం తెలుసయ్యగారూ, నేను చూసేది గుడ్డల్ని" అంది. ఇంటిదాకా అదే ఆలోచన. అది అబద్ధమా, కాదా? మాట వరకు నిజమే. కానీ నిజం చెప్పిన వాళ్లకు ఇలా చెమట పడుతుందా?

సోమవారం మిషను ముందు కూర్చుంటే కుట్టు వంకర పోయింది. అత్తగారు మంచం మీంచి గమనిస్తూనే ఉంది.

"ఏమే, ఆ గేటు సంగతేనా? తప్పు నాదేలే. తుమ్మొచ్చింది, చెప్పడం ఆలస్యమైంది."

"ఏం చెప్పడం అత్తయ్యా?"

"ఇంకేం, కుడికి తిప్పమనీ, ఆపమనీ. నేను ముందు సీట్లో ఎందుకు కూర్చుంటాననుకున్నావు, గాలి కోసమా? పాపం, వాడికి చూపు లేదే. నాకు తప్ప ఎవరికీ తెలీదు. ఎవరితోనూ అనకు."

అత్తగారికి ఒక కంటికి శుక్లం, రెండో కంటికి దాని మీద జాలి. సూదిలో దారం ఎక్కించడం అటుంచి, సూదిపెట్టెను బిస్కెట్ల డబ్బా అనుకునే మనిషి. గుడ్డికన్నా మెల్ల మేలన్నది సామెత వరకు బాగానే ఉంటుంది. మెల్ల దారి చెబుతుంటే గుడ్డి బండి తోలడం సామెతలో కూడా లేదు.

"మీకేమైనా అయితేనో?" అని అరిచినంత పని చేసింది.

"అరవకు. వాడు పక్కింటివాడు. వాడి పరువు మనం కాపాడకపోతే ఎవరు కాపాడతారు?"

సరిగ్గా కాజాలమ్మ తనకు తాను చెప్పుకుంటున్న మాటే అది. ఇంకొకరి నోట వింటే ఇంత తెలివితక్కువగా ఉందేమిటి? ఇంకా ఎంతమంది పెద్దమ్మలు ఎవరికి వాళ్లే ఈ రహస్యం కాపాడుతూ ఆ వ్యానెక్కుతున్నారో! ఆయనా పొరుగువాడే, వ్యానులో కూర్చున్న వాళ్లూ పొరుగువాళ్లే, రోడ్డు దాటే ముక్కూమొహం తెలియని మనిషీ పొరుగువాడే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆమె వేళ్లు మడిచి ఆజ్ఞలన్నీ మళ్లీ మొదటి నుంచి చెప్పుకుంది. ఏ వేలూ దారి చూపలేదు.

సాయంత్రం గోడ దగ్గర నిలబడి, ధైర్యం చేసి అడిగింది. "అన్నయ్యా, వ్యాను ఇక ఎవరికైనా ఇచ్చేయకూడదూ?"

"ఇచ్చేస్తే ఆదివారం నేనెవర్నమ్మా?" అన్నాడు.

ఆమెకు ఏడుపొచ్చింది. పాస్టరుగారికి చెప్పేద్దామని రెండుసార్లు మందిరం దాకా వెళ్లి, ఇచ్చిన మాట గుర్తొచ్చి మెట్ల మీంచే తిరిగొచ్చింది.

శనివారం మధ్యాహ్నం ఆయన నల్లకోటు తెచ్చి ఇచ్చాడు, లోపలి అస్తరు చిరిగిందని. అస్తరు కుడుతుంటే జేబులో ఏదో గలగలమంది. వ్యాను తాళంచెవి. ఉన్నది అదొక్కటే. రెండోది ఎప్పుడో పోయింది. కాజాలమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. దాచేస్తే దొంగతనం. పోయిందంటే అబద్ధం. ఊరుకుంటే రేపు ఏమవుతుందో దేవుడికే తెలుసు. మళ్లీ జేబులోనే పడేసింది. సూదిలోకి దారం ఎక్కించి జేబు మూతిని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కుట్టేసింది. తాళంచెవి ఆయన కోటులోనే ఉంది కాబట్టి దొంగతనం కాదనుకుంది. మరి ఏమిటో ఆమెకూ తెలియలేదు.

ఆదివారం పొద్దున్నే ఆయన వచ్చి గుమ్మంలోనే కోటు తొడుక్కున్నాడు. అలవాటుగా చేయి జేబులోకి పోబోయి ఆగిపోయింది. వేళ్లు కుట్టు వెంట మెల్లగా, ముడి ముడికీ ఆగుతూ నడిచాయి.

"ఇది ఏ రంగు గుర్తు చెల్లెమ్మా?"

అది రంగు గుర్తు కాదని వేళ్లకే తెలిసి ఆయన మొహం ఎర్రబడింది. కోటు విప్పి ఆమె ముందుకు చాపాడు.

"కుట్టు విప్పు. పెద్దమ్మలు ఎదురుచూస్తుంటారు."

కాజాలమ్మ కత్తెర తెచ్చి ఆయన చేతిలోనే పెట్టింది. "నువ్వే విప్పుకో అన్నయ్యా. కుట్టు కనిపిస్తే విప్పుకుని బండి తీయి. నేను అడ్డు రాను."

ఆయన కోటును వెలుతురులోకి తిప్పాడు. కళ్లకు దగ్గరగా తెచ్చుకున్నాడు. దూరంగా పట్టుకున్నాడు. కత్తెర గుడ్డ మీద అటూ ఇటూ వెతికింది.

"నల్లగుడ్డ మీద నల్లదారం వేస్తే ఎవడికి కనబడుతుందమ్మా!" అన్నాడు విసుగ్గా.

"తెల్లదారం అన్నయ్యా."

కత్తెర అక్కడే ఆగింది. లోపలి నుంచి అత్తగారు, "ఒరేయ్ అబ్బాయీ, బండేదిరా? ముందు సీటు నాదేనని చెప్పు" అని కేకేసింది.

ఆయన కత్తెరను గడప మీద జాగ్రత్తగా పెట్టి, కోటు మళ్లీ తొడుక్కున్నాడు. కుట్టిన జేబులో తాళంచెవి గలగలమంది. "వాళ్లు గుమ్మాల్లో కాచుకుని ఉంటారు. బండి రాదని చెప్పొద్దాం పద" అని చేయి ముందుకు చాపాడు. ఆ చేయి కాస్త పక్కకు పోయింది. కాజాలమ్మే జరిగి పట్టుకుంది.

వీధి మలుపు దాకా నడిచాక ఆమె అడిగింది.

"నా మీద కోపమా అన్నయ్యా?"

"ఇంకా తెలీదమ్మా" అన్నాడు ఆయన. "నువ్వు చేసింది మంచేనంటావా?"

"నాకూ తెలీదు" అంది కాజాలమ్మ. "మెట్టుంది, కాలు పైకెత్తు."